ఫీజు ముందు, పోటీ తర్వాత: బెంగళూరులో ఒక జర్నలిజం విద్యార్థిని కేస్ స్టడీ

బెంగళూరులో జర్నలిజం చదివే పిల్లలకు స్కాలర్‌షిప్పులు, ఫెలోషిప్పులు, రచనా పోటీల విషయంలో సాయపడే ఒక చిన్న బృందంలో నేను పనిచేస్తున్నాను. పత్రికల్లో పనిచేసి బయటికొచ్చినవాళ్ళం కొందరం, కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు కొందరు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలుగు ఇళ్ళ పిల్లలే ఎక్కువ. కొందరు హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇంకొందరు కోలారు, చిక్కబళ్ళాపురం, పావగడ పిల్లలు. వీళ్ళు కర్ణాటకలోనే పుట్టి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, కాలేజీలో ఇంగ్లీషుతో నెట్టుకొస్తారు. ఈ కేసు ఈ రెండో గుంపులోని ఒక అమ్మాయిది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, కాలేజీ, పోటీల పేర్లు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

మా దగ్గరికి వచ్చే పిల్లలు ఎక్కువగా అడిగేది ఒకటే: "ఏ పోటీకి పంపితే ప్రైజ్ వస్తుంది సార్?" ఆ ప్రశ్న వెంట పోతే ఏమవుతుందో, దాన్ని కొంతకాలం పక్కన పెడితే ఏమవుతుందో, రెండూ ఈ ఒక్క కేసులోనే చూశాం. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

నేపథ్యం

2022 చివర్లో మా దగ్గరికి వచ్చేనాటికి ఆ అమ్మాయి డిగ్రీ రెండో ఏడాదిలో ఉంది. కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడే పల్లె. తండ్రి కౌలుకు భూమి పట్టి టమోటా పెడతాడు. సొంతంగా ఉన్న కొద్దిపాటి భూమి చెక్క ఇంకా తాత పేరు మీదే ఉంది. తల్లి కూలికి పోతుంది. ఎస్.ఎస్.ఎల్.సి. (పదో తరగతి) దాకా కన్నడ మీడియం. ఇంట్లో కాలేజీ చదువుకు బెంగళూరు వచ్చిన మొదటి మనిషి ఆమే. వెనుకబడిన తరగతుల హాస్టల్‌కు దరఖాస్తు పెట్టినా సీటు రాలేదు. ఒకే గదిలో చాలామంది సర్దుకునే పేయింగ్ గెస్ట్ వసతిలో ఉంటూ, శనాదివారాలు బట్టల షాపులో పనిచేసేది. వచ్చిన డబ్బులో కొంత ఇంటికి కూడా పంపేది. కాలేజీ ఫీజు రెండో వాయిదా అప్పటికే బాకీ పడింది.

మొదటిరోజు తాను పోటీలకు పంపిన వ్యాసాలన్నీ ప్రింటు తీసి ఫైలులో పెట్టుకుని తెచ్చింది. నీటి సంక్షోభం, మహిళా సాధికారత, సోషల్ మీడియా ప్రభావం. అన్నీ శ్రద్ధగా రాసినవే. నేను వాటిలో వెతికింది ఒక్కటే: ఆమె స్వయంగా కలిసి మాట్లాడిన మనిషి. ఒక్కరు కూడా కనిపించలేదు.

వచ్చిన సమస్య

"నా ఇంగ్లీషు బాగాలేదు సార్. కొంచెం సరిచేసి ఇవ్వండి. ఒక్క పోటీలో గెలిచినా ఫీజు కట్టేస్తాను." ఇది ఆమె మాట.

ఈ ఒక్క మాటలో మూడు విషయాలు ముడిపడి ఉన్నాయి: ఫీజు, భాష, పోటీ. వాటిని విడదీయడమే మా మొదటి పని. బాకీ పడిన ఫీజు త్వరగానే కట్టాలి. రచనా పోటీ ఫలితం రావడానికి నెలలు పడుతుంది, డబ్బు చేతికి రావడానికి ఇంకా ఆలస్యమవుతుంది. గెలిచినా ఆ డబ్బు ఈ ఫీజుకు అందదు. అంటే ఆమె చేతిలో లేని దాన్ని, సమయానికి రాని దాన్ని, గ్యారంటీ లేని దాన్ని నమ్ముకుని రాత్రులు మేల్కొంటోంది. అయినా ఆ నమ్మకాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయదలుచుకోలేదు. పోటీలు ఆమెకు డబ్బు దారి మాత్రమే కావు, నేనూ రాయగలనని ఎవరో ఒకరితో అనిపించుకునే దారి కూడా.

ముందు ప్రయత్నించినవి

ఆమె అడిగినదానితోనే మొదలుపెట్టాం. మా బృందంలో ఒకరు వారానికోసారి ఆమె ఇంగ్లీషు దిద్దేవారు. దీనికి కారణం ఉంది. వందల్లో వ్యాసాలు వచ్చే పోటీల్లో మొదటి వడపోత భాష దగ్గరే జరుగుతుంది. వ్యాకరణం తడబడితే లోపల ఏముందో చదివే ఓపిక ఎవరికీ ఉండదు. రెండు నెలల్లో తప్పులు బాగా తగ్గాయి. కానీ ఆ వ్యాసాల మీద పేరు తీసేస్తే ఎవరు రాసినవైనా కావచ్చు అన్నట్టు తయారయ్యాయి. టమోటా బాక్సుల గురించి మాట్లాడమంటే గంటసేపు మాట్లాడే అమ్మాయి, కాగితం మీదికి వచ్చేసరికి 'రైతులు అనేక సవాళ్ళు ఎదుర్కొంటున్నారు' అని ఇంగ్లీషులో చక్కగా రాసేది.

రెండోది, పోటీల గడువులతో ఒక క్యాలెండర్ తయారుచేశాం. మన పిల్లలు చాలా అవకాశాలను తెలియక కాదు, ఆలస్యంగా తెలిసి పోగొట్టుకుంటారు. కాబట్టి ఆ ఆలోచన సరైనదే. ఆమె విషయంలో మాత్రం అది బరువైంది. క్యాలెండర్‌లో గడువు కనిపిస్తే పంపకుండా ఉండలేకపోయేది. వచ్చినవి పాల్గొన్నట్టు ఇచ్చే సర్టిఫికెట్లు మాత్రమే. పైగా కొన్ని పోటీలు ఎంట్రీ ఫీజు అడిగాయి. కొన్నిటి నిబంధనల్లో 'అందిన రచనలన్నిటి హక్కులూ మావే' అన్న వాక్యం అడుగున ఎక్కడో ఉంది. ఇది పిల్లలందరికీ చెప్పాల్సిన సంగతి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా రాసినది కాకపోతే రచన మొదటి హక్కుదారు రాసినవారే. హక్కు బదిలీ చేయాలంటే రాతపూర్వకంగా జరగాలి. ఎంతకాలానికో ఆ రాతలో చెప్పకపోతే చట్టం దాన్ని అయిదేళ్ళుగానే లెక్కిస్తుంది. గెలవని రచన హక్కు కూడా అడిగే పోటీకి పంపొద్దని మేం ఇప్పుడు ఖచ్చితంగా చెబుతాం. ఎంట్రీ ఫీజు అడిగే వాటికీ అదే మాట.

మూడోది, గ్రామీణ రిపోర్టింగ్ మీద దేశస్థాయి ఫెలోషిప్ ఒకదానికి దరఖాస్తు పెట్టించాం. ఆమెకు పల్లె తెలుసు, మూడు భాషలు తెలుసు. నగరంలో పెరిగిన విద్యార్థికి లేని బలం అది. దరఖాస్తు మొదటి దశలోనే తిరిగొచ్చింది. వాళ్ళు అడిగినవి అచ్చయిన కథనాలు రెండు, ఖర్చుల అంచనా, ఒక నిర్దిష్టమైన ప్రశ్న. ఆమె దగ్గర అచ్చయినవి లేవు. ప్రతిపాదన శీర్షిక 'గ్రామీణ భారతంలో నీటి సమస్యలు'. ఒక ఏడాదిలో ఎవరూ చేయలేని పని అది. ఇక్కడ చిక్కు ఎక్కడుందో చూడండి. అచ్చయిన పని ఉంటేనే ఫెలోషిప్ ఇస్తారు, తిరగడానికి డబ్బూ తీరికా ఉంటేనే అచ్చయ్యే పని పుడుతుంది. ఆ డబ్బూ తీరికా కోసమే ఫెలోషిప్ కావాలి.

ఆగిన చోటు

ఒక పోటీ గడువు, షాపులో పండుగ సీజన్ రద్దీ ఒకే వారంలో పడ్డాయి. ఆమె ఇంటర్నల్ పరీక్ష ఒకటి రాయలేకపోయింది. క్లాసు లెక్చరర్ మాకు ఫోన్ చేసి, ఇలా సాగితే హాజరు కూడా చాలదని చెప్పారు.

ఆ తర్వాత మా బృందంలో గట్టి చర్చే జరిగింది. పోటీలు పూర్తిగా ఆపితే రెజ్యూమెలో రాసుకోవడానికి ఏమీ ఉండదని ఒకరి వాదన. అందులో నిజం ఉంది. నా వాదన వేరు: మనం ఇప్పటిదాకా ఆమెకు ఇంకా ఇంకా పని చేర్చుతూ వచ్చాం. దిద్దుబాటు ఒక పని, క్యాలెండర్ ఒక పని, ఫెలోషిప్ దరఖాస్తు మరో పని. ఆమె నెత్తిమీది బరువుల్లో ఒక్కటీ దించలేదు. ఒక సెమిస్టర్ పాటు పోటీలన్నీ ఆపాలనీ, ముందు ఫీజు, తర్వాత శనాదివారాలు, ఆ తర్వాతే రాయడం అనీ నిర్ణయించాం. ఆ మాట చెప్పినరోజు ఆమె ఏడ్చింది. తనను వదిలేస్తున్నామనుకుంది. ఇది శిక్ష కాదమ్మా అని నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది.

ఫీజు

ఇక్కడ మేం పడ్డ శ్రమంతా కాగితాల దగ్గరే. రాసేవాళ్ళు దీన్ని చిన్న పనిగా చూస్తారు. నా అనుభవంలో పిల్లల చదువు నిలిచేదీ ఆగేదీ ఇక్కడే.

కర్ణాటకలో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులకు స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు నాడకచేరి (స్థానిక రెవెన్యూ కార్యాలయం) నుంచి తెచ్చుకోవాలి, వాటి మీది ఆర్.డి. నంబరు పోర్టల్‌లో సరిపోవాలి. ఆమె మొదటి ఏడాదే దరఖాస్తు పెట్టింది, కానీ డబ్బు పడలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. మా వాళ్ళలో ఒకరు పక్కన కూర్చుని ఒక్కో గడీ చూస్తే తేలింది: మార్కుల కార్డులో తండ్రి ఇంటిపేరు మొదటి అక్షరం ఉంది, ఆధార్‌లో లేదు. బ్యాంకు ఖాతా ఉంది కానీ ప్రభుత్వ డబ్బు పడేలా ఆధార్‌కు జోడించి లేదు. రెండూ సరిచేయడానికి ఊరికీ బ్యాంకుకూ తిరగాల్సి వచ్చింది. షాపు పని మానుకుంటే తప్ప కుదరదు. తనంతట తాను ఎందుకు చేసుకోలేకపోయిందో నాకు అప్పుడు అర్థమైంది.

హాస్టల్ సీటు రాకపోవడం ఇక్కడ కలిసొచ్చింది. ప్రభుత్వ హాస్టల్‌లో చోటు దొరకని వెనుకబడిన తరగతుల విద్యార్థులకు విద్యాసిరి పథకం కింద భోజన వసతికి అప్పట్లో నెలకు 1,500 రూపాయల చొప్పున 10 నెలలు ఇచ్చేవారు. సీటు రాలేదని బాధపడి ఊరుకుంది తప్ప, రాకపోవడమే ఇంకో సాయానికి అర్హత అని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

2021లో మొదలైన రైత విద్యానిధి కింద డిగ్రీ చదివే రైతు కుటుంబపు ఆడపిల్లకు ఏడాదికి 5,500 రూపాయలు రావాలి. కానీ దానికి రాష్ట్ర ప్రభుత్వపు రైతుల జాబితా 'ఫ్రూట్స్'లో నమోదైన ఐడీ కావాలి, ఐడీకి భూమి పత్రం కావాలి. భూమి తాత పేరు మీద ఉంది. తండ్రి పౌతి ఖాతా (చనిపోయినవారి భూమిని వారసుల పేరుకు మార్చడం) చేయించుకోలేదు, అన్నదమ్ముల మధ్య మాట కుదరలేదు. ఇక కౌలు భూమికి కాగితమే లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొలంలో ఉండే మనిషి లెక్కల్లో రైతు కాకుండా పోయాడు. దాన్ని అప్పటికి వదిలేశాం. కానీ ఈ సంగతి తర్వాత ఆమె రాసిన కథనానికి విత్తనమైంది.

సరిహద్దు దాటి వచ్చే మన పిల్లల కోసం ఒక మాట కలుపుతాను. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కేంద్ర నిబంధనల ప్రకారం సొంత రాష్ట్రమే ఇవ్వాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. బెంగళూరులో చదువుతున్నాం కదా అని కర్ణాటక పోర్టల్‌లో వెతికి, లేదనుకుని ఊరుకునే ఆంధ్ర పిల్లలను చూశాను.

స్కాలర్‌షిప్ డబ్బు పడేలోపు కాలేజీ గడువు దాటిపోతుంది. ఆ వాయిదాను మా నిధి నుంచి నేరుగా కాలేజీకే కట్టాం. ఆమెకు డబ్బు పడ్డాక తిరిగి ఇవ్వాలి, వడ్డీ లేదు, పడకపోతే అడగం. పూర్తిగా దానంగా ఇస్తే తర్వాత వచ్చే అమ్మాయికి మా దగ్గర ఏమీ మిగలదు. అప్పుగా రాయించుకుంటే ఆ భయంతోనే ఆమె మళ్ళీ పోటీల వెంట పడుతుంది. రెండిటికీ మధ్య ఈ దారి పట్టాం.

శనాదివారాలు

ఫీజు కుదుటపడ్డాక షాపు జీతం లెక్కేశాం. ఒక సెమిస్టర్ పాటు శనాదివారాలకు అంత మొత్తమే నెలనెలా ఇస్తామన్నాం. షాపు మానేయాలి, ఆ రెండు రోజులు ఊళ్ళు తిరిగి రిపోర్టు చేయాలి. జీతం కన్నా తక్కువ ఇస్తే చాలదా, చదువు కోసమే కదా అని మాలో ఒకరు అడిగారు. చాలదు. ఆమె ఇంటికి పంపే డబ్బు తగ్గితే మొదటి నెలలోనే తల్లి ఫోన్ చేస్తుంది, రెండో నెలలో ఆమె మళ్ళీ షాపులో ఉంటుంది. సరిసమానంగా ఇస్తేనే ఆ రెండు రోజులూ నిజంగా ఆమెవి అవుతాయి.

ఫెలోషిప్ అంటే ఏమిటో ఆమెకు చెప్పడానికి, పల్లెల మీద రాసే జర్నలిస్టు పి. సాయినాథ్ ఉదాహరణ తీసుకున్నాను. 1990ల్లో ఆయన ఒక ఆంగ్ల దినపత్రిక ఫెలోషిప్ తీసుకుని దేశంలోని అతి పేద జిల్లాల్లో తిరిగారు. అది లేకపోతే రోజువారీ పత్రికా పనిలో అంతంత కాలం పల్లెల్లో ఉండడం కుదిరేది కాదు. ఆయన 2014లో మొదలుపెట్టిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా వెబ్‌సైట్‌లో తెలుగు, కన్నడ అనువాదాలు కూడా ఉంటాయి. వాటిని చదవమన్నాను. ఒక మనిషి పనిని పూసగుచ్చినట్టు రాస్తే చాలు, 'సవాళ్ళు' అన్న మాట అవసరమే రాదని ఆమె తనంతట తానే చెప్పింది.

2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం మొదలైంది. మామూలు ప్రభుత్వ బస్సుల్లో రాష్ట్రం లోపల ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. అప్పటిదాకా మేం ఇస్తూ వచ్చిన ఛార్జీల్లో పెద్ద భాగం మిగిలింది. దాన్ని పల్లెల మధ్య ఆటోలకు, భోజనానికి, ఫోన్ డేటాకు మార్చాం. కోలారు బస్సెక్కడానికి ముందూ వెనుకా చూడాల్సిన పని లేకపోయేసరికి ఆమె తిరుగుడు ఎంత పెరిగిందో చూసి మాకే ఆశ్చర్యం వేసింది.

కథనం దొరికిన తీరు

అంశం వెతకమని చెప్పలేదు. ఒకటే అడిగాను: "మీ ఊరి చుట్టుపక్కల నాలుగైదేళ్ళలో ఏం మారిందమ్మా?"

"చెరువులు నిండినాయి సార్. కౌలు కూడా పెరిగింది."

బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపే కె.సి. వ్యాలీ పథకం సంగతి అది. రోజుకు 440 మిలియన్ లీటర్లు, 126 చెరువులు అన్నది పథకం లెక్క. 2018 జూన్‌లో మొదటి నీళ్ళు లక్ష్మీసాగర చెరువుకు చేరాయి. ఆ ఏడాదే నీళ్ళ మీద నురగ తేలి గొడవ రేగింది. రెండో దశ దాకే శుద్ధి చేసిన నీళ్ళని అభ్యంతరాలు వచ్చాయి, వ్యవహారం హైకోర్టుకూ ఆపైన సుప్రీంకోర్టుకూ వెళ్ళింది. నీళ్ళు మంచివా కావా అన్నదాని మీద చాలామంది రాశారు. చెరువు నిండి, కింద బోర్లలో నీళ్ళు ఊరితే, ఆ లాభం భూమి ఉన్నవాడిదా, దున్నేవాడిదా? ఈ ప్రశ్న నాకు కొత్తగా తోచింది. ఆమెకు అది ఇంట్లో రోజూ వినే మాట.

కానీ ఆమె తండ్రే కౌలు రైతు. సొంత ఇంటి గోడును వార్తగా రాయవచ్చా? రాయకూడదని మాలో ఒకరు గట్టిగా అన్నారు. నేను అంత దూరం పోలేదు. ఇంటి అనుభవం లేకపోతే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. చివరికి ఇలా ఒప్పుకున్నాం: సొంత ఊరు, దాని చెరువు ఆయకట్టు కథనంలోకి రాకూడదు. బంధువుల మాటలు వాడకూడదు. తండ్రి కౌలు రైతు అన్న సంగతి సంపాదకుడికి ముందే చెప్పాలి, కథనం చివర పాఠకుడికీ చెప్పాలి.

ఆమె కౌలు రైతులతో మాట్లాడుకుని వచ్చిన మొదటి ముసాయిదా చాలా బలంగా ఉంది. ఎవరిని అడిగినా కౌలు పెరిగిందనే చెప్పారు. దాన్ని అప్పుడే అచ్చుకు పంపనివ్వలేదు. అది 2023 జులై. కోలారు మార్కెట్లో 15 కిలోల టమోటా బాక్సు 2,000 రూపాయలు దాటిన రోజులు. కౌలు పెరిగింది చెరువు వల్లా, టమోటా ధర వల్లా? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా అచ్చయితే మొదటి పాఠకుడే దాన్ని పట్టుకుంటాడు.

తేల్చుకోవడానికి ఆమె వేసిన ఎత్తు నాకు ఇప్పటికీ నచ్చుతుంది. కోలారు చెరువులు గొలుసుకట్టువి, పై చెరువు అలుగు పారితే కిందిది నిండుతుంది. నీళ్ళు చేరిన గొలుసులో కొన్ని ఊళ్ళు, చేరని గొలుసులో అదే పంట వేసే ఊళ్ళు కొన్ని తీసుకుంది. భూమి యజమానులనూ కలిసింది. కౌలు మాటల మీదే నడుస్తుంది, పత్రం ఉండదు. కాబట్టి ఒక్కో చెక్కకు కౌలు ఎంతో ఇచ్చినవాడినీ పుచ్చుకున్నవాడినీ వేరువేరుగా అడిగి, రెండు మాటలూ కలిసినవే లెక్కలోకి తీసుకుంది. నీరుగంటి (చెరువు నీళ్ళను పొలాలకు వదిలే మనిషి) పని చేసిన ఒక పెద్దాయన ఏ ఏడు ఏ తూము తెరిచారో నోటిలెక్కగా చెప్పాడు. టమోటా ధర పెరగకముందే, నీళ్ళు చేరిన ఊళ్ళలో కౌలు పెరగడం మొదలైందని తేలింది. ధర పెరిగాక రెండు వైపులా పెరిగింది. ఆ తేడాను తేడాగానే రాసింది, పెంచి చెప్పలేదు.

సమాచార హక్కు దరఖాస్తులు కూడా పెట్టింది. మొదటిది తిరిగొచ్చింది. నీటి పరిమాణం, నాణ్యత పరీక్షలు, ఖర్చు అన్నీ ఒకే దాంట్లో అడిగింది. కర్ణాటక నిబంధనల ప్రకారం దరఖాస్తు ఒకే అంశం మీద ఉండాలి, 150 పదాలు దాటకూడదు. విడగొట్టి, ఒక్కోదానికి 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి మళ్ళీ పంపింది. 30 రోజుల గడువులో కొన్నిటికి జవాబు వచ్చింది, నాణ్యత పరీక్షలదానికి రాలేదు. మొదటి అప్పీలుకు పోయింది. కథనంలో 'అడిగాం, ఇంకా ఇవ్వలేదు' అని రాసింది.

భాష

ఆమె నోటుపుస్తకం చూసి నేను కాసేపు అలాగే ఉండిపోయాను. రైతుల మాటలన్నీ తెలుగే, లిపి కన్నడ. కోలారు వైపు తెలుగు ఇళ్ళ పిల్లల్లో ఇది మామూలే. తెలుగు అక్షరాలు బడిలో ఎవరూ నేర్పరు. మా పాత పద్ధతిలో అయితే ఆమె ఆ మాటలను అక్కడికక్కడే ఇంగ్లీషులో రాసుకొమ్మనేవాళ్ళం. ఈసారి అలా చెప్పలేదు. ముందు విన్నది విన్నట్టు, ముసాయిదా కన్నడలో, చివర ఇంగ్లీషు. కన్నడ ముసాయిదాలో వాక్యాలు పొట్టిగా, సూటిగా వచ్చాయి. దాన్నుంచి ఇంగ్లీషు చేసేటప్పుడు మా దిద్దుబాటుదారు వ్యాకరణం మాత్రమే ముట్టుకున్నారు. ఏ వాక్యం ముందు, ఏది వెనుక అన్నది ఆమె ఇష్టం.

ఇంగ్లీషు ఇప్పటికీ ఆమెకు కష్టమే. దాన్ని మేం పూర్తిగా తీర్చలేకపోయాం. ఇంటర్వ్యూల్లో తడబడుతుంది.

అచ్చు, ఆ తర్వాత పోటీ

కథనం మొదట కాలేజీ ల్యాబ్ జర్నల్‌లో (విద్యార్థులే తెచ్చే పత్రిక) వచ్చింది. విద్యార్థులు చాలామంది దాన్ని మార్కుల కోసం చేసే పనిగా చూస్తారు. అచ్చయిన కథనం అడిగే ఫెలోషిప్ ముందు నిలబడ్డ మనిషికి అది మొదటి తలుపు. అక్కడ సంపాదకులుగా ఉన్న లెక్చరర్ ఆమెను రెండుసార్లు తిరిగి ఊళ్ళకు పంపారు. ఆ తర్వాత కన్నడ వెర్షన్‌ను ఒక దినపత్రిక జిల్లా పేజీకి పంపాం, కుదించి వేశారు. ఆమె పేరుతో బైలైన్ వచ్చింది, చిన్న పారితోషికం కూడా.

2024 మార్చిలో బెంగళూరు నీటి కటకటలో పడింది. ట్యాంకర్ల ధరలకు జిల్లా యంత్రాంగం పరిమితి పెట్టింది: 5 కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకు 600, 12,000 లీటర్లకు 1,000 రూపాయలు. ఒక్కసారిగా ప్రతి పోటీ అంశమూ నీరే అయింది. తన కథనాన్ని నగర సంక్షోభంగా మార్చి పంపనా అని ఆమె అడిగింది. అడగడంలో తప్పు లేదు, అదను అది. కానీ కౌలు కథను ట్యాంకర్ కథగా తిప్పితే మళ్ళీ పాత ఫైలులోని వ్యాసమే తయారవుతుంది. ఉన్నదున్నట్టే ఉంచి, నగరం వాడి పంపిన నీళ్ళు ఎవరి పొలం విలువ పెంచాయో చెప్పే కథగా, ముందు ఒక్క పేరా చేర్చి పంపమన్నాం. భారతీయ భాషల విభాగం ఉన్న పోటీ ఒకటే ఎంచుకుంది. మొదటి బహుమతి రాలేదు, చివరి జాబితాలో నిలిచింది.

అదే కథనాన్ని ఆధారంగా పెట్టి ఒక చిన్న ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసింది. ఈసారి ప్రతిపాదనలో ప్రశ్న ఒక్క వాక్యం. ఖర్చుల అంచనాలో ఆటో ఛార్జీ, దరఖాస్తుల పోస్టేజీ, అప్పీళ్ళ ఖర్చు, తాను కోల్పోయే కూలి కూడా వేసింది. ఇంటర్వ్యూలో వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న: కౌలు పెరగడానికి టమోటా ధర కారణం కాదని ఎలా చెప్పగలవు? తడబడుతూ ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది. ఫెలోషిప్ వచ్చింది. డిగ్రీ అయ్యాక ఒక జర్నలిజం కళాశాలలో పీజీ డిప్లొమాలో చేరింది. ఫీజులో పెద్ద భాగం అవసరాన్ని బట్టి మాఫీ చేశారు.

మా పద్ధతిలో మారినవి

ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళకు ఇచ్చే ఫారంలో మొదటి ప్రశ్న ఏం రాశారన్నది కాదు. ఫీజు ఎంత బాకీ, స్కాలర్‌షిప్ ఆఖరిసారి ఎప్పుడు పడింది, వారంలో ఏ రోజులు ఖాళీ, ఇంటికి డబ్బు పంపుతారా. చివరి ప్రశ్న అడగడానికి మాకు మొహమాటంగా ఉండేది. అడక్కపోతే మిగతా లెక్కలేవీ నిలబడవు. పోర్టల్ దరఖాస్తు సరిచూడడానికి ఒకరిని ప్రత్యేకంగా పెట్టుకున్నాం. మంచి రచయిత కానవసరం లేదు, ఓపిక ఉంటే చాలు.

పోటీల క్యాలెండర్ తీసేయలేదు. అచ్చయిన కథనం ఒక్కటైనా చేతిలో ఉన్నవాళ్ళకే ఇస్తున్నాం. అది కటువుగా ఉందని కొందరు పిల్లలు అంటారు. వాళ్ళ మాట నేను తీసిపారేయను. పోటీ గెలిచి పైకొచ్చినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు చాలావరకు ఫీజు చింత లేదు. ఆ చింత ఉన్నవాళ్ళకు వరుస వేరుగా ఉండాలన్నదే నా పట్టుదల.

మా నిధిలో బహుమతుల కోసం పెట్టిన భాగాన్ని శనాదివారాల భత్యానికి మార్చాం. దాతల్లో ఒకరు దీనికి ఒప్పుకోలేదు. వేదిక మీద బహుమతి ఇస్తే కనిపిస్తుంది, భత్యం కనిపించదు అన్నారు. ఆయనకు కథనం చదివి వినిపించాం. ఈ ఏడాది సగం దానికీ సగం దీనికీ ఇచ్చారు.

ఆ అమ్మాయి తమ్ముడు ఇప్పుడు పీయూసీలో (ఇంటర్) ఉన్నాడు. తాత పేరు మీది చెక్కకు పౌతి ఖాతా కోసం తండ్రీ చిన్నాన్నా కలిసి దరఖాస్తు పెట్టారు. ఆ కాగితాలన్నీ ఆమే నింపింది.